ఒంటెను కట్టిన తరువాతే తవక్కుల్: రహీం సాబ్ పాఠం

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయనా, కట్టి వేయనా అని అడిగాడు. ముందు కట్టు, తరువాత తవక్కుల్ చెయ్యి అని జవాబు వచ్చింది. తిర్మిజీలోని ఈ హదీసును మనం తరచూ వింటాము. దీనిని ఆచరించి చూపిన ఒక ఉపాధ్యాయుడు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. ఆయన సయ్యద్ అబ్దుర్రహీం.

1909లో జన్మించిన రహీం సాబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. సిటీ కాలేజీ విద్యార్థుల జట్టులోనూ ఆడారు. తరువాత బడిపంతులయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టారు. 1948 సెప్టెంబరు పరిణామాలతో నగర ముస్లింలు దిగులుతో ఉన్న రోజులవి. ఆ సీజనులోనే ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్‌ను, ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ను గెలిచింది. 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది.

ఇది కేవలం అదృష్టమా? కాదు, తద్బీర్! బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పోటీలు పెట్టించేవారు. మనిషి తన బలాన్ని చూసి మురిసిపోతాడు. గురువు అతని బలహీనతకు సాధన చేయిస్తాడు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవారిలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ పరాభవం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో, భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియా దేశం మనదే. అజీజ్, లతీఫ్, నూర్ ముహమ్మద్, బలరాం వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. ఓటమి వస్తే విధిని నిందించడం సులువు. కారణం వెదికి సరిదిద్దుకోవడమే సబర్.

1962 జకార్తా నాటికి రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయనను రహీం సాబ్ ముందు వరుసలో దింపారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాము. గోల్స్ చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. ముస్లిం గురువు, హిందూ, సిక్కు, క్రైస్తవ శిష్యులు, ఒకే జెండా! 1963 జూన్ 11న ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. 2024లో ఆయన జీవితంపై 'మైదాన్' సినిమా వచ్చేవరకు మన పిల్లలలో ఎందరికి ఆ పేరు తెలుసు?

అసర్ నమాజు ముగించుకొని పలాస వీధులలో, అక్కుపల్లి ఇసుకలో బంతి తన్నే పిల్లలను చూసి, చదువు పాడవుతుందని పెద్దలు కసురుతారు. నమాజు వేళ తప్పకుండా, చదువు మానకుండా ఆడితే ఆట తప్పు కాదు. బలమైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని ప్రవక్త (స) బోధించారు. పిల్లలకు కావలసింది కసురు కాదు, వారి బలహీనమైన కాలిని గుర్తించి సాధన చేయించే పెద్దదిక్కు. అల్లాహ్ మన ఊళ్లకు అటువంటి ఉస్తాదులను ప్రసాదించుగాక! ఆమీన్.