పాతర గడ్డియు బెల్లపు మడ్డియు

వేసవి రాగానే మడకశిర రైతు మొదట చూచునది గడ్డివామి వంక. వామి తఱిగినచో పాడిపశువు సంతకు పోవును. వానలు కురిసిన పిదప అట్టి పశువును మరల కొనుటకు ఆ సొమ్ము చాలదు. 2022లో ఈ తాలూకా శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గల అనంతపురపు సీమ కఱవు దానిని విడువలేదు.

పచ్చజొన్నను గింజ పాలు పోసుకొని ముదురునపుడు కోసి, నఱికి, గాలి చొరకుండ త్రొక్కి పాతర వేసినచో అది పులిసి నిలువయుండును. పులియుటకు చక్కెర వలయును. జొన్నయందు అది సహజముగ గలదు. అలసంద వంటి పైరులందు తక్కువ గనుక నూటికి 2, 3 పాళ్లు బెల్లపు మడ్డి చేర్చుట యుక్తము. ఫిన్లండు దేశపు విర్తానెన్ పండితుడు పచ్చిమేతకు పలుచని ఆమ్లములు కలిపి నిలుపు పద్ధతిని కనుగొని, 1945లో నోబెల్ బహుమానము నందెను. మనకంత దూరము పోనక్కఱలేదు.

జొన్నయందు మాంసకృత్తులు కొఱత. టన్ను మేతకు 5 కిలోల యూరియా నీటిలో కరగించి సమముగ చల్లిన ఆ కొఱత కొంత తీఱును. ఒకచోట కుప్పపడిన యూరియా మాత్రము పశువునకు విషము. ఈ పనిని కూలివారికి వదలి యజమాని అరుగుపై కూర్చుండరాదు. మడ్డియైనను, అంగళ్లలో నమ్మెడు సూక్ష్మజీవుల పొడియైనను, వదులుగ త్రొక్కిన పాతరను కాపాడజాలదు. 45 దినములకు తెఱచినపుడు కమ్మని పులుపు వాసన వచ్చినచో మేలు. బూజుపట్టిన పొరను పశువునకు వేయరాదు, పెంటకుప్పకే పంపవలయును.