మీకు తెలుసా? మట్టి ఇళ్లు, ముళ్లతీగ

అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దక్కాలంటే ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగుచేయాల్సి వచ్చేది. నెబ్రాస్కా మైదానాల్లో ఇల్లు కడదామంటే చెట్లేవీ? గడ్డివేళ్లతో బిగిసిన మట్టిని పెళ్లలుగా కోసి గోడలు పేర్చారు. కప్పు నుంచి కూరగిన్నెలో మన్ను రాలకుండా లోపల గుడ్డ కట్టేవారు. పొయ్యిలోకి ఎండిన బైసన్ పేడ, మన పిడకలకు చుట్టమే!

1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంటు పొందాక చెట్లు లేని ఆ మైదానాల్లోనూ కంచెలు పుట్టగొడుగుల్లా లేచాయి. వందల మైళ్లు మందలు తోలిన కౌబాయ్‌లకు కంచెల మరమ్మతూ పనైపోయింది. అన్నట్టు, ‘ఖాళీ’ అని పంచిన ఆ నేల పానీ, లకోటా తెగలు తరతరాలుగా బైసన్లను వేటాడిన చోటు. వాళ్లను ‘రిజర్వేషన్లు’ అనే కేటాయించిన ప్రాంతాల్లోకి నెట్టారు.