గ్రంథాలయమున వలదన్న పుస్తకము

గ్రామ గ్రంథాలయమునకు పెద్దలుగా నుండువారికి నేడో రేపో ఒక చిక్కు రాక తప్పదు. ఎవరో వచ్చి, “ఈ పుస్తకము చెడ్డది, బీరువాలోనుండి తీసివేయుడు” అని పట్టుపట్టుదురు. అట్లడుగువారు తరచుగా గౌరవనీయులే; వారి యుద్దేశమును మంచిదే. అప్పుడు చేయవలసిన దేమి?

ఇందులకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగిన వృత్తాంత మొకటి చెప్పెదను. 1939లో జాన్ స్టైన్‌బెక్ అను రచయిత ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ అను నవలను ప్రకటించెను. అనావృష్టి చేతను అప్పుల చేతను భూములు గోల్పోయి, కూలికై కాలిఫోర్నియాకు వలసపోయిన యొక రైతు కుటుంబపు కథ యది. అట్టి కూలీలు వచ్చి చేరిన తావులలో కెర్న్ జిల్లా యొకటి. ఆ యేటి ఆగస్టు నెలలో ఆ జిల్లా పాలకవర్గమువారు, నలుగురు ఔననగా ఒకరు కాదనగా, ఆ నవలను తమ గ్రంథాలయములనుండియు పాఠశాలలనుండియు బహిష్కరించిరి. అందలి భాష అసభ్యమనియు, తమ జిల్లాకు అపకీర్తి కలుగుననియు వారి వాదము. జిల్లా గ్రంథాలయాధికారిణి గ్రెచెన్ నీఫ్ తన పైవారికే యెదురు నిలిచి, నేడు దీనిని తీసివేసినచో రేపు దేనిని తీసివేయుదురని వ్రాసి యడిగెను. 1941లో ఆ నిషేధము తొలగెను.

మనకును ఇది క్రొత్త గాదు. ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటింపగా, నాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947లో గాని ఆ యాజ్ఞ రద్దు కాలేదు. అది మంచి కావ్యమో కాదో చదివి తేల్చుకొను స్వేచ్ఛ ఒక తరమువారికి లేకపోయెను.

కావున నా మనవి యిది. ఆక్షేపించువారిని ఆదరముతో కూర్చుండబెట్టి, పుస్తకమును తుదిదాక చదివితిరా యని యడుగుడు. ఏ పుట యేల తప్పో వ్రాసి యిమ్మనుడు. సంఘసభ్యులు ఇద్దరు ముగ్గురు దానిని పూర్తిగా చదివి, కారణములు చెప్పి తీర్పు చేయవలెను. అంతవరకు పుస్తకము తన స్థానముననే యుండవలెను. పిల్లల పుస్తకములను వేరు బీరువాలో నుంచవచ్చును. తన బిడ్డ యేమి చదువవలెనో నిర్ణయించు నధికారము తండ్రికిని తల్లికిని కలదు. ఊరివారి బిడ్డలందరిపై ఆ యధికారము ఏ యొక్కరికిని లేదు.

పెద్దలకు నచ్చిన పుస్తకములు మాత్రమే గల బీరువా వారి యింట నుండదగినది. గ్రంథాలయము ఊరందరిది.