సంస్మరణ నుంచి నిర్మాణానికి

జనవరి 17 రోహిత్ వేముల వర్ధంతి. జూలై 17 కారంచేడు. ఆగస్టు 6 చుండూరు. దళిత విద్యార్థి ఉద్యమాల సంవత్సరం చాలావరకు ఈ తేదీల చుట్టూ తిరుగుతుంది. మరపును కోరుకునేది ఆధిపత్యమే గనుక, గుర్తుంచుకోవడం కూడా ప్రతిఘటనే. కానీ మన కార్యాచరణను మన మీద జరిగిన దాడులే నిర్ణయిస్తుంటే చొరవ ఎవరి చేతిలో ఉన్నట్టు? దాడి జరిగితే కదలడం, కేసు నమోదయ్యాక సద్దుమణగడం, మరో దాడి జరిగాక మళ్లీ కదలడం ఒక అలవాటుగా మారింది. ఈ చక్రంలో ఆగ్రహం మనదే అయినా, గడువులు పెట్టేది మాత్రం ప్రత్యర్థి.

కారంచేడు చరిత్రను సాధారణంగా హత్యాకాండగానే చదువుతాం. 1985లో మంచినీటి చెరువు దగ్గర మొదలైన వివాదం ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. ఆ తర్వాత జరిగినదీ అంతే ముఖ్యం. బాధితులు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. ఊరికి తిరిగి వెళ్లబోమని తేల్చిచెప్పి అక్కడే కొత్త కాలనీ సాధించుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఆ ఉద్యమం కల్పించిన ఒత్తిడి కూడా ఉంది. భయంతో ఊరు విడిచిన జనం సంస్థనూ, ఆవాసాన్నీ నిర్మించుకున్నారు.

చుండూరు దళితులు విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక న్యాయస్థానాన్ని ఊరికే రప్పించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చట్టం ఒక్కటే చాలదని, దాన్ని కనిపెట్టుకుని ఉండే నిరంతర నిర్మాణం కావాలని ఈ అనుభవం చెబుతోంది.

'నిర్మాణాత్మకం' అనగానే కొందరు మిత్రులకు అనుమానం కలగడం సహజమే. గాంధేయ నిర్మాణ కార్యక్రమంలో దళితుడు సేవలు అందుకునేవాడిగా మిగిలాడు. అంబేద్కర్ దారి వేరు. ఆయన 1924లో బహిష్కృత హితకారిణి సభను స్థాపించి విద్యార్థి వసతి గృహాలు, గ్రంథాలయాల పని చేపట్టారు. మహాడ్ చెరువు పోరాటం ఆ తర్వాత మూడేళ్లకు వచ్చింది. నిర్మాణం పోరాటానికి బలగాన్ని సమకూర్చింది. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ అంతకు ముందే, 1906లో జగన్మిత్ర మండలితో మొదలుపెట్టి, ఆది హిందూ పిల్లల కోసం పాఠశాలలు నడిపారు. ఆత్మగౌరవ ప్రకటనకు బడి పునాది అయింది.

ఇటీవలి ఉదాహరణ ఉప ప్రణాళిక చట్టం. ఎస్సీల జనాభా దామాషాలో నిధులు కేటాయించాలన్న విధానం 1970ల చివరి నుంచే ఉంది. కాగితం మీది కేటాయింపులు మాత్రం ఇతర పద్దులకు మళ్లుతూ వచ్చాయి. కాకి మాధవరావు వంటి విశ్రాంత అధికారులు, పౌర సంఘాలు, వామపక్షాలు కలిసి బడ్జెట్ పుస్తకాలు తిరగేసి లెక్కలు తీశాయి. ఫలితంగా 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, ఖర్చు కాని నిధులను మరుసటి ఏడాదికి బదలాయించే ఏర్పాటు చేసింది. ఈ విజయం వెనుక ఏ శవమూ లేదు. అందుకే కాబోలు, దానికి మనం వార్షికోత్సవం జరపడం లేదు!

విద్యార్థి సంఘాలు చేపట్టదగిన పనులు ఇక్కడే ఉన్నాయి. అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. మీ జిల్లాలో గత ఏడాది ఎన్నిసార్లు జరిగింది? గ్రామాల్లో నెలనెలా జరగాల్సిన పౌరహక్కుల దినం మీ ఊళ్లో జరుగుతోందా, రిజిస్టర్‌లోనే పూర్తవుతోందా? మీ మండలానికి ఉప ప్రణాళిక నిధులు ఎంత వచ్చాయి, ఏ వాడకు చేరాయి? సమాచార హక్కు చట్టం కింద ఒక్కో దరఖాస్తు చాలు. జవాబులను వాడలో చదివి వినిపించడం, వచ్చే సమావేశానికి బాధితులతో కలిసి వెళ్లడం రెండో అడుగు.

ఈ పనికి ధర్నాలోని ఉద్వేగం ఉండదు, ఫొటోలు పడవు. అయితే ఆ కమిటీ క్రమం తప్పకుండా కూర్చునే జిల్లాలో సాక్షి ఒంటరివాడు కాడు, పరిహారం ఫైలు మూలన పడదు. ఆశ అంటే రేపు బాగుంటుందన్న ఊహ మాత్రమే కాదు. రేపటి సమావేశానికి తేదీ మనమే ఖరారు చేయించగలగడం. ఈ ఏడాది క్యాలెండర్‌లో ఆ మూడు తేదీల పక్కన, అలాంటి నాలుగు తేదీలను మన సంఘాలు చేర్చుకోవాలి.