కింద పడటానికి ఎంత ఖర్చవుతుంది? ‘ది అంగ్రేజ్’ చెప్పిన చిన్న సినిమా లెక్క

చార్మినార్ దగ్గర పనీపాటా లేకుండా కూర్చున్న ఒక ముఠా. దానికి నాయకుడు ఇస్మాయిల్ భాయ్. పక్కనే సలీం ‘ఫేకూ’. పేరుకు తగ్గట్టే నోరు తెరిస్తే కోతలు. విదేశాల నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఊరు చూద్దామని అటువైపు వస్తారు. మాటా మాటా పెరుగుతుంది. పరువు పోయిందనుకున్న ఇస్మాయిల్ భాయ్ వాళ్ల అంతు చూస్తానని బయల్దేరతాడు.

2000ల దశకం మధ్యలో హైదరాబాద్‌ను నవ్వించిన ‘ది అంగ్రేజ్’ కథ అక్కడ మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేయడానికి వచ్చిన ప్రణయ్, రోహిత్‌ల కోసం పాతబస్తీ ముఠా ఒకవైపు వెతుకుతుంటుంది. డబ్బు కోసం రోహిత్‌ను ఎత్తుకెళ్లాలని ‘మామా’ అనే దాదా మరోవైపు పథకం వేస్తుంటాడు. పట్టుదలకు రెండు ముఠాల్లోనూ లోటు లేదు. పని మాత్రం ఎవరికీ చేతకాదు. సినిమా అంతా అదే.

ఇందులో పేరున్న స్టార్ లేడు. భారీ సెట్లు లేవు. దర్శకుడు కుంటా నిఖిల్ తానే ఒక ముఖ్యపాత్ర వేశారు. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, సలీం ఫేకూగా మస్త్ అలీ నటించారు. సినిమా మాట్లాడింది తెలుగు కాదు, బాలీవుడ్ హిందీ కూడా కాదు. హైదరాబాద్ వీధుల్లో వినిపించే దక్కనీ. పెద్ద సినిమా వాళ్లు ‘ఇది ఆడదు’ అనడానికి కావలసిన కారణాలన్నీ ఇందులో ఉన్నాయి. అయినా ఆడింది. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ పేర్లు ఊళ్లో వాడుక మాటలయ్యాయి.

డబ్బు లేకుండా ఇంత నవ్వు ఎలా పుట్టింది? డబ్బు లేకపోవడం వల్ల పోయిందేమిటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు ఈ తరహా హాస్యం ఎలా పనిచేస్తుందో చూడాలి.

స్లాప్‌స్టిక్ అంటే ఏంటి?

జారిపడటం, గోడకు గుద్దుకోవడం, ఒకరిని కొట్టబోయి మరొకరిని కొట్టడం, తరుముతూ తరుముతూ తామే దొరికిపోవడం. ఇలా మాట కంటే ముందు శరీరం నవ్వించే హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. ఆ పేరు ఒక కర్ర నుంచి వచ్చింది. పాతకాలపు ఇటలీ వీధినాటకాల్లో విదూషకుడి చేతిలో రెండు పలచని చెక్కలను కలిపి చేసిన కర్ర ఉండేది. దానితో మెల్లగా తాకించినా రెండు చెక్కలూ ఒకదానికొకటి తగిలి ‘ఠప్’మని పెద్ద చప్పుడు వచ్చేది. దెబ్బ చిన్నది, చప్పుడు పెద్దది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు. తెర మీద బొమ్మకు దెబ్బ పడినప్పుడు తెర వెనక ఆడించేవాళ్లు కాళ్ల కింద ఉన్న చెక్కలను దబదబా తొక్కుతారు. ఆ చప్పుడుకే జనం ఉలిక్కిపడి నవ్వుతారు. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మన పల్లె! ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే ఇద్దరూ చెక్క చప్పుడునే నమ్ముకున్నారు. దెబ్బ తగిలినట్టు ఉండాలి, తగలకూడదు. ఈ హాస్యానికి మూలసూత్రం అదే.

సినిమా కూడా పుట్టీపుట్టగానే ఈ దారి పట్టింది. 1895లో ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు తీసిన చిత్రాల్లో ఒకటి తోటమాలి కథ. అతను గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతుంటే ఒక కుర్రాడు వెనక నుంచి గొట్టాన్ని తొక్కుతాడు. నీళ్లు ఎందుకు ఆగాయా అని తోటమాలి గొట్టంలోకి తొంగి చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. ముఖమంతా నీళ్లు. నిమిషం కూడా లేని సినిమా అది. ఒక తోట, ఒక గొట్టం, ఇద్దరు మనుషులు. ఖర్చు అంతే.

ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

మొదటిది, చోటు. 1914లో చార్లీ చాప్లిన్ ‘ట్రాంప్’ వేషంలో తొలిసారి జనం ముందుకు వచ్చిన చిత్రంలో కథంటూ ఏమీ లేదు. కాలిఫోర్నియాలో పిల్లల కార్ల పందెం నిజంగానే జరుగుతోంది. కెమెరా అక్కడికి వెళ్లింది. చాప్లిన్ మాటిమాటికీ కెమెరాకు అడ్డం వచ్చి నిలబడతాడు, తోసేస్తే మళ్లీ వస్తాడు. వెనక కనిపించే జనం పందెం చూడటానికి వచ్చినవాళ్లే. ‘ది అంగ్రేజ్’కు చార్మినార్ చేసిన మేలు అలాంటిదే. ఆ కట్టడాన్ని, ఆ రద్దీని, ఆ చాయ్ దుకాణాల వాతావరణాన్ని సెట్‌గా వేయాలంటే కోట్లు కావాలి. అక్కడికే వెళ్లి తీస్తే, ఊరే వచ్చి నటించినట్టు ఉంటుంది.

రెండోది, వస్తువు. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. కోడికూర తిన్నట్టే లెక్క! ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సినిమా పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఆ కోడే. ఆ దృశ్యానికి కావలసింది ఒక తాడు, ఒక కోడి, ఒక గొప్ప నటుడు.

మూడోది, కెమెరా పనితనం. జారిపడే మనిషిని నవ్వొచ్చేలా చూపించాలంటే తల నుంచి కాలి దాకా కనిపించాలి, మధ్యలో కోతలు తక్కువ ఉండాలి. దూరంగా పెట్టిన ఒక్క కెమెరా చాలు. దగ్గరగా వెళ్లి పది ముక్కలుగా తీస్తే పడటం కనిపిస్తుంది కానీ నవ్వు రాదు. డబ్బు లేక ఎంచుకున్న పద్ధతి ఇక్కడ సరైన పద్ధతి కూడా అవుతుంది.

మరి తగ్గనిది?

సమయం. రోడ్డు మీద ఒకడు పడితే అది ప్రమాదం. అదే మనిషి మనం ఊహించిన క్షణానికి అర సెకను ముందో వెనకో పడితే నవ్వు. ఆ అర సెకను కోసం పదిసార్లు సాధన చేయాలి, పదిసార్లు తీయాలి. తక్కువ డబ్బుతో తీసేవాళ్లకు దొరకనివి షూటింగ్ రోజులే. అందుకే చాలా చిన్న కామెడీలు ఈ కష్టమైన పని వదిలేసి, అరుపులతో, నేపథ్యంలో ‘టొయ్‌ఁయ్’ అనే చప్పుళ్లతో నెట్టుకొస్తాయి. అక్కడ దొరికేది దెబ్బ లేని చప్పుడు మాత్రమే.

తగ్గించకూడనిది ఇంకొకటి ఉంది. భద్రత. 1924లో ‘షెర్లాక్ జూనియర్’ తీస్తూ బస్టర్ కీటన్ రైల్వే నీళ్ల ట్యాంకు గొట్టం నుంచి పడిన నీటి ధాటికి పట్టాల మీద పడ్డాడు. మెడ ఎముక విరిగిన సంగతి చాలా ఏళ్ల తర్వాత వైద్య పరీక్షలో బయటపడింది. అంతటి నిపుణుడికే అలా అయింది. డూపు లేడు, ఫైట్ మాస్టర్ లేడు, బీమా లేదు అనుకుని దూకే కొత్త నటుడికి తగిలే దెబ్బ లెక్కల పుస్తకంలో కనిపించదు. చిన్న సినిమా చవక వెనక ఇలాంటి కనిపించని ఖర్చులు ఎవరి ఒంటి మీద పడుతున్నాయో కూడా చూడాలి.

విల్లియనూరులో నవ్వుతారా?

ఒక చిన్న ఊహ చేద్దాం. ‘ది అంగ్రేజ్’ను పుదుచ్చేరి పక్కనున్న విల్లియనూరులో వేశామనుకోండి. అక్కడి జనం మాట్లాడేది తమిళం. తోటమాలి ముఖాన నీళ్లు పడిన కథ తీసిన రోజుల్లో ఆ ప్రాంతమంతా ఫ్రెంచి పాలనలో ఉండేది. ఆ కథ చూసి నవ్వడానికి ఫ్రెంచి రావాల్సిన పని లేదు. అలాగే ఇస్మాయిల్ భాయ్ ముఠా పరుగులు, తడబాట్లు, పథకం బెడిసికొట్టడం, రెండు ముఠాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం విల్లియనూరులో కూడా నవ్విస్తాయి. శరీరానికి అనువాదం అక్కర్లేదు.

కానీ ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’ అనే మాటలు పడిన చోట పడే నవ్వు అక్కడ సగమైపోతుంది. ఆ మాటకు అర్థం తెలియక కాదు, సబ్‌టైటిల్ వేయొచ్చు. మనిషి దాన్ని సాగదీసే తీరులో, భయపడుతూనే బెదిరించే గొంతులో ఆ పేట, ఆ చాయ్ దుకాణం, ఆ తీరిక ఉన్నాయి. వరంగల్‌లోనో విజయవాడలోనో ఉన్న తెలుగు ప్రేక్షకుడికి కూడా అందులో కొంతే అందుతుంది. హైదరాబాదీకి మాత్రం మొత్తం అందుతుంది.

కాబట్టి తక్కువ ఖర్చు స్లాప్‌స్టిక్‌కు రెండు కాళ్లు. ఒకటి ఒళ్లు, ఎక్కడికైనా వెళ్తుంది. రెండోది నోరు, సొంత ఊళ్లోనే బలంగా నిలబడుతుంది. రెండూ డబ్బుతో కొనేవి కావు. డబ్బు కొనగలిగింది మరొకటి: ఎంతమంది దగ్గరికి చేరాలన్నది.

ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు?

తెలుగు సినిమాలో యాసల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న ముఖ్యం. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కోట వేసిన దుర్మార్గపు మంత్రి తెలంగాణ యాస మాట్లాడతాడు. కోట నటన గొప్పది. సమస్య నటనది కాదు. ఏళ్ల తరబడి హీరో ఒక భాష, విలనో జోకరో మరో భాష మాట్లాడటం వల్ల, ఆ భాష ఇంట్లో మాట్లాడే ప్రేక్షకుడు థియేటర్‌లో తనను చూసి తానే నవ్వాల్సి వచ్చింది. హైదరాబాదీ ఉర్దూకూ అలాంటి మూల కుర్చీయే దక్కింది.

‘ది అంగ్రేజ్’ ఆ కుర్చీని మధ్యలోకి లాగింది. ఇక్కడ యాస మాట్లాడేవాళ్లే కథ. ‘అంగ్రేజ్’ అని పిలిపించుకునేవాళ్లే ఊరు తెలియక తికమకపడేవాళ్లు. చార్మినార్ నుంచి ఐటీ కంపెనీ దాకా జరిగే వెతుకులాటలో ఒకే నగరంలో ఉన్న రెండు ఊళ్లు కనిపిస్తాయి. హైటెక్ సిటీ వచ్చాక నగరం మారిపోయిందని అందరూ అంటున్న కాలంలో, మారని సగం లేచి ‘మేమూ ఉన్నాం’ అన్నట్టు ఉంటుంది.

అయితే మచ్చ లేని సినిమా కాదిది. పాతబస్తీ అంటే పని లేని కుర్రాళ్లు, గొడవలు, దాదాలు అనే బొమ్మను ఇది చెరపలేదు, నవ్వుతో దానికి రంగులు వేసింది. కథలో ఆడవాళ్లకు పెద్దగా చోటు లేదు. ఆ పేటలో చదువుకునేవాళ్లు, వ్యాపారాలు చేసుకునేవాళ్లు దాదాపు కనిపించరు. మనవాళ్లే మనల్ని చూసి నవ్వుకోవడానికీ, బయటివాళ్లకు మన మీద నవ్వే అవకాశం ఇవ్వడానికీ మధ్య గీత సన్ననిది. ఈ సినిమా ఆ గీత మీదే నడిచింది. చాలాచోట్ల నిలబడింది, కొన్నిచోట్ల జారింది.

నవ్వు మిగిలింది, దారి?

దీని తర్వాత ‘హైదరాబాద్ నవాబ్స్’, ‘హంగామా ఇన్ దుబాయ్’ లాంటి దక్కనీ కామెడీలు వరసకట్టాయి. హైదరాబాదీలు బతుకుతెరువు కోసం వెళ్లిన గల్ఫ్ కూడా కథల్లోకి వచ్చింది. రోహిత్‌గా నటించిన గణేశ్ వెంకట్రామన్ తమిళ సినిమాకు వెళ్లి ‘అభియుమ్ నానుమ్’, ‘ఉన్నైపోల్ ఒరువన్’లలో కనిపించారు. 2015లో ‘ది అంగ్రేజ్ 2’ వచ్చింది. కానీ మొదటి సినిమా తెచ్చిన ఊపు ఒక నిలకడైన పరిశ్రమగా మారలేదు.

పెద్ద సినిమా ఒక ఊళ్లో ఆడకపోతే మరో ఊళ్లో రాబట్టుకుంటుంది. భాష వల్ల ఒక నగరానికి కట్టుబడిన చిన్న సినిమాకు ఆ వీలు లేదు. దాని ప్రేక్షకుల్లో ఎక్కువమంది దాన్ని డిస్కుల్లో, ఆ తర్వాత ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూస్తే, నవ్వు తీసినవాళ్ల పేరుకు చేరుతుంది, జేబుకు చేరదు.

ఇప్పుడు ఫోన్‌తోనే తీసి, ఫోన్‌లోనే చూపించొచ్చు. కింద పడే వీడియోలకు కొదవ లేదు. కానీ ముప్పై సెకన్ల రీల్‌లో పడేది ఎవరో మనకు తెలియదు. ఇస్మాయిల్ భాయ్ భంగపడితే నవ్వొచ్చేది, అరగంట నుంచి అతను కొట్టిన డాబులు మనం విని ఉన్నాం కాబట్టి. తోటమాలికి నిమిషం చాలింది. ఒక పేటకు, దాని గొప్పలకు, దాని అవమానాలకు రెండు గంటలు కావాలి.

కింద పడటానికి ఖర్చు లేదు, నిజమే. పడేవాడు ఎవరో మనకు పరిచయం చేయడానికే ఖర్చవుతుంది. చిన్న సినిమాకు ఓటీటీలు, థియేటర్లు, ప్రభుత్వాలు ఏదైనా సాయం చేయదలిస్తే చేయాల్సింది అక్కడే: నటుడికి సాధన చేసే రోజులు, దెబ్బ తగలని ఏర్పాట్లు, సొంత ఊరి బయట కూడా ఆడే నాలుగు తెరలు. మిగతావి, అంటే ఒక చాయ్ దుకాణం, ఒక కోతలరాయుడు, పరువు పోయిందని ఊగిపోయే ఒక భాయ్, మన ప్రతి ఊళ్లోనూ సిద్ధంగానే ఉన్నాయి.