వీథిలోనికి వచ్చిన వైద్యము

వ్యాధి గాని ప్రమాదము గాని వేళ చూచి రాదు. ఇంట కూర్చుండియున్న వృద్ధునకు అకస్మాత్తుగా గుండె ఆగవచ్చును; బాటను నడచుచున్న బాలుని బండి ఢీకొనవచ్చును. అట్టి వేళ రోగి యొకచోట, వైద్యుడు వేఱొకచోట ఉందురు. ఆ యిరువురి నడుమ నున్న దూరమే పెక్కుమంది ప్రాణములను హరించుచున్నది. గుండె ఆగి మెదడునకు ప్రాణవాయువు అందకపోయినచో నాలుగైదు నిమిషములలోనే మెదడు చెడిపోవ నారంభించును. అటుపిమ్మట ఎంతటి వైద్యుడు చికిత్స చేసినను ఫలితము స్వల్పమే. కావున రోగిని వైద్యుని కడకు వేగముగా చేర్చుట యొక్కటే చాలదు. వైద్యమునే రోగి కడకు చేర్చవలెను. ఈ సత్యమును ఒక నగరము ఎట్లు గ్రహించెనో, దానిని ఆచరణలో పెట్టినవా రెవరో తెలిసికొందము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు అను నగరము కలదు. రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మాఱు చోట వెలసిన యీ నగరము ఉక్కు పరిశ్రమకు పేరుపొందినది. 1960 తరువాతి సంవత్సరములలో అచ్చట ఎవరైన జబ్బుపడినచో పోలీసువారి బండి వచ్చెడిది. నేరస్థులను తీసికొనిపోవు బండియే రోగులను గూడ మోసెడిది. పోలీసులు రోగిని వెనుకభాగమున పరుండబెట్టి, తాము ముందు కూర్చుండి, బండిని వేగముగా నడపెడివారు. దారిలో రోగికి ఊపిరి ఆడుచున్నదో లేదో కనిపెట్టువారు లేకుండిరి. ఇతర ప్రాంతముల స్థితియు ఇంతకంటె మేలు కాదు. దేశములోని అంబులెన్సులలో దాదాపు సగము శవసంస్కారము చేయు వ్యాపారుల చేతిలోనే ఉన్నవని 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఒక నివేదికలో తెలిపెను.

ఆ సంవత్సరము నవంబరు నెలలో ఆ రాష్ట్రపు మాజీ గవర్నరు డేవిడ్ లారెన్సు పిట్స్‌బర్గులో ఒక సభ యందు కుప్పకూలెను. ఆసుపత్రిలో ఆయన గుండె మరల కొట్టుకొన్నను, మెదడు అప్పటికే చెడిపోయియుండుటచే కొలది దినములకే మరణించెను. ఆయనకు చికిత్స చేసిన పీటర్ సఫార్ అను వైద్యునికి ఇది మిక్కిలి బాధ కలిగించెను.

సఫార్ 1924లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున జన్మించెను. స్పృహ తప్పినవాని తలను వెనుకకు వంచి, నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదినచో ప్రాణము నిలుపవచ్చునని 1950 దశకమున బాల్టిమోరులో పరిశోధనలు చేసి నిరూపించెను. ఈ పద్ధతిని రొమ్మును లయబద్ధముగా అదుముటతో జతపఱచి లోకమున వ్యాపింపజేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఈ విద్యను వైద్యులే కాక సామాన్యులును నేర్వగలరని ఆయన దృఢ విశ్వాసము. అట్టివానికి 1966లోనే తీరని దుఃఖము కలిగెను. ఆయన చిన్నారి కుమార్తె ఎలిజబెత్ ఉబ్బసపు వ్యాధిచే ఊపిరాడక స్పృహ కోల్పోయి, తిరిగి కోలుకొనక కన్నుమూసెను. తన బిడ్డను దక్కించుకొనలేని ఆ తండ్రి, పరుల బిడ్డలనైనను దక్కింపవలెనని నడుము కట్టెను.

పిట్స్‌బర్గులో హిల్ డిస్ట్రిక్టు అనునది నల్లజాతివారు నివసించు పేట. పిలిచినను పోలీసుబండి అచ్చటికి ఆలస్యముగా వచ్చెడిది. ఆ పేటలో ఉపాధి కల్పించుటకై ఫ్రీడం హౌస్ అను సంస్థ యుండెను. ఫిల్ హాలెన్ అను దాతృసంస్థాధ్యక్షుడు సఫారునకును ఈ సంస్థకును పొత్తు కుదిర్చెను. 1967లో ఫ్రీడం హౌస్ అంబులెన్సు సేవకు పునాది పడెను. పనిలేక తిరుగుచున్న యువకులను, పాఠశాల చదువు పూర్తిచేయనివారిని, యుద్ధమునుండి మరలిన సైనికులను దానిలో చేర్చుకొనిరి. వీరు దేనికిని కొఱగారని లోకము తలచియుండెను. సఫార్ మాత్రము అట్లు తలపలేదు.

ఆయన వారికి సుమారు 300 గంటల శిక్షణము ఏర్పఱచెను. శరీర నిర్మాణము, శ్వాసమార్గమును తెఱచియుంచుట, రక్తస్రావమును ఆపుట, విఱిగిన ఎముకలకు కట్టు కట్టుట, గుండె ఆగినవానికి ప్రాణము పోయుట, కాన్పునకు సాయపడుట, బండిని జాగ్రత్తగా నడపుట మున్నగునవి వారు నేర్చిరి. పుస్తకములతోనే ఆపక, ఆసుపత్రులలో వైద్యుల ప్రక్కన నిలిచి పనిచేసి నేర్చిరి. 1968లో వారి బండ్లు వీథులలో తిరుగ నారంభించెను. మొదటి సంవత్సరముననే దాదాపు 5,800 పిలుపులకు వారు బదులు పలికిరి.

శిక్షణము ముగియుటతో వైద్యుని పని ముగియునా? ముగియదు. బండిలోని సేవకుడు వైద్యుడు కాడు. అతడు వైద్యుని చేయి వంటివాడు. చేయి శరీరమునుండి విడివడినచో పని చేయజాలనట్లే, సేవకుడును వైద్యుని పర్యవేక్షణము లేక సరిగా పని చేయజాలడు. ఈ పర్యవేక్షణము మూడు విధములు. మొదటిది పిలుపు రాకముందు జరుగునది: ఏ రోగికి ఏమి చేయవలెనో నియమములు వ్రాసి, వానిని నేర్పి, పరీక్షించుట. రెండవది చికిత్స జరుగుచుండగా ఉండునది: సందేహము కలిగినపుడు రేడియోలో వైద్యుని సలహా పొందుట. మూడవది చికిత్స ముగిసిన పిమ్మట జరుగునది: ప్రతి పిలుపును గూర్చి వ్రాసిన కాగితములను చదివి, ఒప్పును మెచ్చి, తప్పును దిద్దుట. మూడింటిలో ఏ యొక్కటి లోపించినను సేవ కుంటువడును.

1974లో ఫ్రీడం హౌసునకు వైద్యాధికారిణిగా వచ్చిన నాన్సీ కరొలిన్ ఈ మూడు పనులను నిర్వహించెను. ఆమె తన గదిలో కూర్చుండి ఆజ్ఞలిచ్చు అధికారిణి కాదు. రేడియోను చేతబట్టి, పలుమాఱులు తానే బండి నెక్కి, రాత్రివేళల సైతము శిష్యులతో కూడ ఇరుకైన ఇండ్లలోనికి పోయెడిది. శ్వాస నిలిచినవాని గొంతులోనికి గొట్టము చొప్పించు కఠినమైన పనిని శస్త్రచికిత్సశాలలో అభ్యాసము చేయించి, పిదప వీథిలో చేయనిచ్చెడిది. గురువు కఠినురాలేయైనను, తమతోపాటు కష్టపడుచుండుటచే శిష్యు లామెను మిక్కిలి గౌరవించిరి.

వారి పని యెట్టిదో లెక్కలే చెప్పగలవు. 1972లో జరిపిన పరిశీలనలో, ప్రాణాపాయములో నున్న రోగులకు ఫ్రీడం హౌస్ వారు నూటికి 89 మాఱులు తగిన చికిత్స చేసిరనియు, పోలీసులు నూటికి 38 మాఱులు మాత్రమే చేసిరనియు తేలెను. కొఱగారని పేరుపడినవారే నగరమునకు ఆదర్శప్రాయులైరి.

అయినను వారికి తగిన న్యాయము జరుగలేదు. 1975 అక్టోబరులో నగరపాలకులు తామే అంబులెన్సు సేవను నెలకొల్పి, ఫ్రీడం హౌస్ సేవను ముగించిరి. క్రొత్త సేవలో చేరిన నల్లజాతివారిలో పెక్కుమంది వివక్షమునకు లోనై ఉద్యోగములు వీడిరి. కాని విద్య నశించలేదు. అమెరికా ప్రభుత్వము నాన్సీ కరొలిన్‌చే దేశమంతటికి పనికివచ్చు పాఠ్యక్రమమును వ్రాయించెను. 1979లో వెలువడిన ఆమె గ్రంథము ‘ఎమర్జెన్సీ కేర్ ఇన్ ది స్ట్రీట్స్’ ఈ వృత్తివారికి ప్రామాణికమైన పాఠ్యగ్రంథ మయ్యెను. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగిగా నుండి ఫ్రీడం హౌసులో చేరిన జాన్ మూన్, నగరసేవలో పట్టువిడువక నిలిచి, తరువాత దాని సహాయాధిపతి పదవి నందెను.

మన తెలుగునాట 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రముగా 108 సేవ ఆరంభమయ్యెను. దానియందును ఇదే సూత్రము కానవచ్చును: బండిలోని శిక్షితుడు కేంద్రములోని వైద్యునితో టెలిఫోనులో మాటాడి, ఆయన సలహా ననుసరించి చికిత్స చేయును.

వేగముగా పోవు బండిని ధనముతో కొనవచ్చును. దయగల హృదయము పుట్టుకతోనే రావచ్చును. కాని ప్రాణమును నిలుపు నేర్పు అభ్యాసము వలననే కలుగును. ఆ నేర్పు చెడకుండుటకు తప్పు దిద్దు గురువు వెంట నుండవలెను. ఆ రెండును లభించినచో ఏ పేటలోని ఏ యువకుడైనను ప్రాణదాత కాగలడు. హిల్ డిస్ట్రిక్టు యువకులు లోకమునకు నేర్పిన పాఠ మిదియే.