సైట్ మీదే.. మరి డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

షాపుకి వెబ్‌సైట్ చేయించుకున్నారా? డబ్బులు మీరే కట్టినా, డొమైన్ డెవలపర్ పేరు మీద ఉండే ఛాన్స్ ఉంది. మోసం చేయాలనే కాదు, పని తేలిగ్గా అవుతుందని కొందరు తమ అకౌంట్‌లోనే కొనేస్తారు. చిక్కంతా తర్వాతే. రికార్డుల్లో ‘రిజిస్ట్రెంట్’గా ఎవరి పేరుంటే డొమైన్‌పై పట్టు వారిదే.. రెన్యువల్ మెయిల్స్ కూడా వారికే వెళ్తాయి. అవి పట్టించుకోకపోతే సైటే కాదు, ఆ డొమైన్‌తో నడిచే మెయిల్ ఐడీలూ ఆగిపోతాయి. గడువు దాటి డిలీట్ అయిన డాట్ కామ్ పేరును వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజులే టైమ్, అదీ అదనపు ఫీజుతో. ఆ తర్వాత దాన్ని ఎవరైనా కొనేసుకోవచ్చు. అందుకే డొమైన్‌ని మీ సొంత అకౌంట్‌కి మార్చమని అడగండి. వేరే కంపెనీకి మార్చాలంటే ‘ఆథ్ కోడ్’ కావాలి. హోస్టింగ్ పాస్‌వర్డ్, బ్యాకప్ కూడా తీసుకోండి. ఇవన్నీ చివరి వాయిదా కట్టకముందే అడిగితే పని త్వరగా అవుతుంది!